వదినగారు ఖిల్లా ఎక్కిన వైనం

గద్వాల,
జూన్ 9.

విజయమ్మ వదిన గారికి జోగులమ్మ నమస్కారాలు.

ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం అడగవలసిన అవసరం ఇకమీదట లేదు. మీరు ఎంతసేపు నిద్రపోయారో, ఎంత దూరం నడిచారో, గుండె ఎట్లా కొట్టుకుందో రోజూ మన మనవరాలు వర్ష ఫోన్‌లో కనిపిస్తుందట. నా సంగతీ అంతే. కాబట్టి క్షేమ సమాచారాల పేరా కొట్టేసి నేరుగా విషయానికి వస్తున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని నవ్వుతారు. వర్ష భర్త వంశీధర్ మన ఇద్దరికీ సిమ్ము ఉన్న ఈ వాచీలు కొనిచ్చి, తానే కూర్చుని వాటిని మన ఫోన్లకూ, తమ ఫోన్‌కూ కలిపాడు. అందులో ఏ మాట ఎవరికి కనబడుతుందో నాకు తెలియదు. తెలియని పెట్టెలో నేను మాట వేయను. కవరు అంటిస్తే సంగతి మన ఇద్దరి మధ్యే ఉంటుంది.

వర్ష అన్న మాట మీకు గుర్తుండే ఉంటుంది. సెప్టెంబరులో కాన్పు. తొలి కాన్పు తల్లి చూసుకోవడం మన వాడుకే అయినా, వనపర్తిలో బడిపంతులమ్మగా ఉన్న మా ధనలక్ష్మికి అన్ని నెలలు సెలవు దొరకదు. వర్ష ఉద్యోగమూ, చూపించుకునే దవాఖానా నాగర్‌కర్నూల్‌లో ఉన్నాయి. అద్దె ఇల్లు రెండు గదులు. పెద్దవాళ్లలో ఒక్కరికే చోటు. వర్ష నా కూతురికి కూతురు, మీ కొడుక్కి కూతురు. అమ్మమ్మకు ఎంత హక్కుందో నానమ్మకూ అంతే ఉంది. ఈ మాట నేను కాదనను.

మరి పిల్ల ఏమన్నది? "ఇద్దరు కొట్లాడకుండ్రి. కాన్పు దాంక ఈ వాచీలు పెట్టుకోండ్రి. ఎవరు గట్టిగ ఉన్నరో గదే చెప్తది. వాళ్లే వచ్చి నా బిడ్డకు నీళ్లు పొయ్యాలె" అన్నది. నవ్వుతూనే అన్నది. నేను మాత్రం నవ్వులాటగా తీసుకోలేదు. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, ఆ పసిగుడ్డును కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి మొదటి చెంబు నీళ్లు పోసేది ఎవరన్నది నవ్వులాట కాదు.

పోటీ అన్నాక నియమాలు ఉండాలి. స్నానానికి తప్ప వాచీ తీయకూడదు. మరొకరికి ఇవ్వకూడదు. లేని నడకను ఉన్నట్టు చూపకూడదు. ఏ రోజు లెక్క ఆ రోజే తేలాలి.

వాచీతో నాకు ఇంతవరకు ఒకటే ఇబ్బంది. గంటకొకసారి మణికట్టు మీద గిలిగింత పెట్టి, లేచి నిలబడమంటుంది. ముప్పైనాలుగేళ్లు బడిలో ఇతరులను లేచి నిలబడమన్నదాన్ని నేను. మొదటిసారి ఉలిక్కిపడి లేచేసరికి, మా మగ్గం మీద నేసే ఈరన్న, "ఏమైంది పంతులమ్మా, ఇన్‌స్పెక్టర్ గిట్ల వచ్చిండా?" అని అడిగాడు. నేను మళ్లీ కూర్చున్నాను.

ఇట్లు,
జోగులమ్మ

*

ఖిల్లా ఘణపూర్,
జూన్ 17.

వదినా,

నీ ఉత్తరం అందింది. మా మేకలు కాసే హన్మంతుకు చదివి వినిపిస్తే, "గిది ఉత్తరమా అమ్మా, పరీచ్చ కాయితమా?" అన్నాడు. నువ్వు 'మీరు' అని రాసినప్పుడల్లా నాకు కోర్టు అమీను నోటీసు తెచ్చినట్టే ఉంటుంది. పాతికేళ్లు దాటింది మనం వియ్యం అందుకుని. ఇంకా ఎన్నాళ్లు గౌరవిస్తావు?

నియమాలన్నీ బాగున్నాయి కానీ మొదటిది అప్పుడే తప్పిపోయింది. ఎట్లా తప్పిందో చెబుతా, విను.

మొన్న పొద్దుగూకే వేళ జొన్నరొట్టెలు చేస్తున్నా. నేను రొట్టె కొడితే పక్క వాడకు వినబడుతుందని నీకు తెలుసు. రెండో రొట్టెకు చేతి మీద వాచీ ఎర్రగా మెరిసి గీపెట్టడం మొదలుపెట్టింది. పిండి చేతులతో దాన్ని ఏం చేయను? నా పాటికి నేను కొట్టుకుంటూ పోయాను. అంతలో ఫోన్. వర్ష గొంతులో ఏడుపు.

"నానమ్మా, యాడ పడ్డవ్? లేస్తున్నవా లేదా?"

"పడలేదే పిల్లా. రొట్టె కొడుతున్న."

"వాచీ చెప్తుంది నువ్వు గట్టిగ పడ్డవని!"

"వాచీకేం తెల్సు? దాని అవ్వ ఎన్నడన్న జొన్నరొట్టె కొట్టిందా?"

వెనక వంశీధర్ నవ్వు వినబడింది. ఫోన్ పెట్టి మరో రొట్టె అందుకున్నానో లేదో, మళ్లీ పడ్డానట. దాని తర్వాతి రొట్టెకూ పడ్డాను. పడిన ప్రతిసారీ ఫోన్. చివరికి వర్ష వాళ్ల నాయనకు చెప్పింది. మా శ్రీనాథ్ వనపర్తి నుంచి బండి మీద ఆగమాగం వచ్చి వాకిట్లో నిలబడి, "అమ్మా, దెబ్బలు యాడ తాకినయ్?" అన్నాడు. రొట్టెకు తాకినయ్ అని చెప్పి, రెండు రొట్టెలు, పల్లి చట్నీ పెట్టి పంపించాను.

అప్పటి నుంచి వాచీ తీసి పెడుతున్నా. ఒక మేలు ఉంది, ఒప్పుకుంటా. పొద్దున బీపీ గోలీ మరవనివ్వదు. గోలీ వేసుకున్నాక వాచీ ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటుంది, ఎంత నడవాలో అంత నడుస్తుంది. నువ్వు ఫికర్ చేయకు.

బిడ్డకు నీళ్లు పోసేది నేనే. నువ్వు పక్కన నిలబడి చెంబులు లెక్కపెట్టుకో.

నీ వదిన,
విజయమ్మ

*

గద్వాల,
జూలై 14.

విజయమ్మ వదిన గారికి,

జవాబు ఆలస్యమైంది. లెక్కలు సరిచూడడానికి సమయం పట్టింది.

ఆదివారం ఆదివారం వర్ష మన ఇద్దరి నడకనూ ఫోన్‌లో చదివి వినిపిస్తుంది కదా. మీరు నాకంటే రెట్టింపు నడుస్తున్నారు. అసూయతో అడగడం లేదు, లెక్క కుదరక అడుగుతున్నాను. రోజూ పొద్దెక్కాక ఇంటి నుంచి బయలుదేరి మీరు ఖిల్లా గుట్ట ఎక్కుతున్నారట. "నానమ్మ యాబై అంతస్తులు ఎక్కింది అమ్మమ్మా!" అని పిల్ల మురిసిపోతోంది. నాకు తెలిసిన విజయమ్మ వదిన, ధనలక్ష్మి పెళ్లినాడు మా ఇంటి అరుగు ఎక్కడానికి బద్ధకించి, "కుర్చీ ఇటే తెండ్రి" అని వాకిట్లోనే కూర్చున్న మనిషి. అప్పుడు మీకు నలభై నాలుగేళ్లు.

ఇంకో సందేహం. గుట్ట మీద మీరు చాలాసేపు ఒకేచోట కదలకుండా ఉంటారు. ఉన్నట్టుండి పరుగు తీస్తారు. మళ్లీ ఆగిపోతారు. డెబ్భై ఏళ్ల మనిషి ఖిల్లా గుట్ట మీద దేన్ని చూసి అట్లా పరిగెత్తుతుంది? గుండె లెక్క కూడా విన్నాను. "నానమ్మ గుండె పడుచుపిల్ల గుండె లెక్కనే ఉన్నది" అన్నది వర్ష. బీపీ గోలీ వేసుకునే మనిషి గుండె అది.

నా లెక్కలో ఇటువంటి వింతలు ఉండవు. రోజూ పది గంటలకు మొదలుపెట్టి ఒంటిగంటకు ఆపుతాను. పరుగులు లేవు, ఎక్కడాలు లేవు. నిలకడైన నడక.

సమాధానం వివరంగా రాయగలరు.

ఇట్లు,
జోగులమ్మ

*

ఖిల్లా ఘణపూర్,
జూలై 24.

వదినా,

వివరంగానే రాస్తున్నా. కళ్లద్దాలు పెట్టుకో.

మీ ఈరన్న మొన్న బోనాలకు మా ఊళ్లో వాళ్ల చెల్లెలి ఇంటికి వచ్చాడు. పిలిచి చాయ్ పోశాను. "మా వదిన ఎండల మూడు గంటలు నడుస్తుందట కదా ఈరన్నా, పాపం కాళ్లు గుంజుతలేవా?" అని అడిగాను. చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"నడుసుడా? ఎవలు, పంతులమ్మనా? ఆమె జాగల కెల్లి కదులుతనే లేదమ్మా. రాట్నాన్ని బల్ల మీదికి ఎక్కిచ్చుకున్నది. కుర్చీల కూసుంటది, మగ్గానికి నూలు కండెలు చుడ్తది. పది గొట్టంగ కూసుంటే మళ్ల ఒంటిగంటకే లేసుడు. నేను నేసేది ఒక్క మగ్గం. ఆమె చుట్టింది నాలుగు మగ్గాలకు సరిపోతది. ఇగ జాలు పంతులమ్మా, నూలు పెట్టెలు నిండినయ్ అంటే ఇంటలేదు."

వదినా, నవ్వి నవ్వి నాకు పక్కటెముకలు పట్టేశాయి. చేతికి వాచీ. ఆ చేయి రాట్నం తిప్పుతుంది. చేయి ఊగుతోంది కాబట్టి మనిషి నడుస్తోందని వాచీ అనుకుంటుంది. నిలకడైన నడకే మరి! కుర్చీలో కూర్చుని గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా నడిచిన మనిషివి ఈ పాలమూరు మొత్తంలో నువ్వు ఒక్కదానివే ఉంటావు. అందులోనూ బల్ల, కుర్చీ! మీ అత్తగారు, మీ అమ్మగారు నేల మీద కూర్చునే కదా కండెలు చుట్టింది? నీకు రాణివాసం కావలసి వచ్చింది.

లేని నడకను ఉన్నట్టు చూపకూడదని రాసింది ఎవరబ్బా? ఉత్తరం దాచిపెట్టాను, చూసి చెబుతా.

గుట్ట మీద దేన్ని చూసి పరిగెత్తుతానని అడిగావు. కుక్కను చూసి. అబద్ధం కాదు.

నీ వదిన,
విజయమ్మ

*

గద్వాల,
ఆగస్టు 11.

విజయమ్మ వదిన గారికి,

నిన్న ధనలక్ష్మి మీ ఇంటికి వచ్చి వెళ్లాక నాకు ఫోన్ చేసింది. మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"అమ్మా, మా అత్తమ్మ నల్లమేకకు దెబ్బ గిట్ల తాకిందా? ముందటి కాలుకు ఇంత జాగల బొచ్చు గొరిగిచ్చింది. ఆడ నల్ల పట్టీ కట్టింది. ఏంది అత్తమ్మా అంటే దిష్టికి అంటుంది. దిష్టి పట్టీ పచ్చగ మెరుస్తదా అమ్మా?"

అయితే ఖిల్లా ఎక్కేది మేక. ఆగి ఆగి మేసేది మేక. కుక్కను చూసి పరిగెత్తేది మేక. పడుచు గుండె మేకది. అబద్ధం కాదని మీరు రాసిన వాక్యం మళ్లీ చదివాను. నిజంగానే అందులో అబద్ధం లేదు. మీకు చదువు తక్కువని ఇన్నాళ్లూ అనుకున్నందుకు క్షమించండి.

బొచ్చు ఎందుకు గొరిగించారో కూడా అర్థమైంది. వాచీ అడుగున ఉన్న దీపం చర్మానికి ఆనకపోతే గుండె లెక్క రాదు. బిడ్డ కోసం ఇంత శ్రద్ధ పెట్టారు, ఆ శ్రద్ధలో పావు వంతు నడక మీద పెట్టి ఉంటే పోటీ గెలిచేవారే. గంటకొకసారి మీ మేకకు ఆ వాచీ లేచి నిలబడమని చెబుతోంది. అది కూడా ఆలోచించండి.

రాట్నం సంగతి నేను కాదనను. కానీ రాట్నం దగ్గర వచ్చిన అంకెలను నా పుస్తకంలో ఏ రోజుకారోజు తీసివేస్తున్నాను. నా దగ్గర నికరం లెక్క ఉంది.

ఇప్పుడు అసలు విషయం. వర్ష తీర్పు చెప్పేసింది. నానమ్మ గుట్టలెక్కుతోంది కాబట్టి నానమ్మే రావాలట. అంటే ఆ బిడ్డకు నీళ్లు పోసే హక్కు మీ మేక గెలిచింది. దీన్ని నేను ఒప్పుకోలేను. ఈ నెలాఖరులోగా నిజం మీరే చెప్పండి. లేకపోతే నేను చెబుతాను.

ఇట్లు,
జోగులమ్మ

*

ఖిల్లా ఘణపూర్,
ఆగస్టు 16.

వదినా,

పుస్తకంలో తీసివేశావు, సరే. వర్ష ఫోన్‌లో తీసివేశావా? దొంగతనం చేసి, ఇంటికి వచ్చి దేవుడికి చెప్పుకున్నట్టుంది నీ నికరం లెక్క.

చెప్పుకో, నాకేం? నువ్వు మేక సంగతి చెప్పు, నేను రాట్నం సంగతి చెబుతా. అప్పుడు ఏమవుతుందో తెలుసా? మొన్న ఫోన్‌లో పిల్ల ఏమన్నదో విను. "మీ ఇద్దరిట్ల ఎవరికన్న చాత కాకపోతే ఇప్పుడే చెప్పుండ్రి. జీతానికి ఒకామెను మాట్లాడుకుంట" అన్నది. ఇద్దరం బయటపడితే, మన బిడ్డను ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కాళ్ల మీద వేసుకుంటుంది. మనం వాకిట్లో నిలబడి చూస్తాం.

కాబట్టి నోరు మూసుకో. ముందు నేను వెళ్తా. సంక్రాంతికి నువ్వు రా. అప్పటికి బిడ్డ మెడ కూడా నిలుస్తుంది, నీలాంటి దానికి సులువు.

మేక నిన్ను అడిగినట్టు చెప్పమంది.

విజయమ్మ

*

ఖిల్లా ఘణపూర్,
ఆగస్టు 27.

గౌరవనీయులైన జోగులమ్మ వదిన గారికి నమస్కారములు.

మీరు క్షేమమని తలుస్తాను. నాగర్‌కర్నూల్‌కు మీరే వెళ్లండి. నాకు చేను పనులు ఉన్నాయి. వర్షకు కూడా చెప్పాను. ఇక్కడ అందరం బాగున్నాము.

విజయమ్మ

*

నాగర్‌కర్నూల్,
సెప్టెంబరు 16.

వదినా,

ఈ ఉత్తరంలో 'మీరు' లేదు. కోర్టు అమీను వచ్చాడని భయపడకు.

ఆ రోజు మీ వాకిట్లో నేను ఆటో దిగగానే, మంచం మీద నుంచి నువ్వు అడిగిన మొదటి మాట, "నీకెవరు చెప్పిన్రు?" హన్మంతు ముందు జవాబు చెప్పడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. ఎవరూ చెప్పలేదు. వానకు మేకల కొట్టంలో జారిపడ్డావు. కుడి మణికట్టు గుమ్మడికాయలా ఉబ్బితే నాటు కట్టు కట్టించుకుని, హన్మంతు చేత మేకల మీద ఒట్టు వేయించుకున్నావు. కొడుక్కి చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. చెబితే నాగర్‌కర్నూల్‌కు రావద్దంటారని భయం. ఆ భయంలోనే, రావడం లేదని నువ్వే రాసేశావు. రొట్టె కొట్టినందుకు ఊరంతా లేపిన వాచీ, నువ్వు నిజంగా పడిన రోజు మేక కాలికి ఉండి, నానమ్మ దివ్యంగా ఉందని చెప్పింది.

నాకు చెప్పింది నీ ఉత్తరం. అందులో ఒక్క ఎత్తిపొడుపు లేదు. నన్ను ఒక్క మాట అనకుండా ఇన్నేళ్లలో నువ్వు ఒక్క కార్డు ముక్క కూడా రాయలేదు. 'గౌరవనీయులైన' అన్న చోటే లేచి సంచి అందుకున్నాను. అక్షరాలు ఎడమకు ఒరిగి ఉండడం తర్వాత చూశాను. ఈరన్నకు ఇల్లు అప్పగించి వనపర్తి బస్సెక్కాను.

శ్రీనాథ్‌ను పిలిపించి నిన్ను తీసుకెళ్లిన దవాఖానలో నీకు కట్టు వేస్తుండగా బయట నాకు వర్ష ఫోన్ వచ్చింది.

"అమ్మమ్మా, నాయన చెప్పిండు. నానమ్మ దవాఖానల ఉన్నదా?"

"ఉన్నది."

"మరి ఇప్పుడే గుట్ట ఎక్కుతుందేంది?"

నాకు అబద్ధం ఆడడం చేతకాదు. మేక సంగతి చెప్పాను. "మేకనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత, "మరి నువ్వు యాడ నడిసినవ్ అమ్మమ్మా?" అన్నది. రాట్నం సంగతీ చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఫోన్ వంశీధర్ చేతికి ఇచ్చి నవ్విందట, నవ్వీ నవ్వీ కడుపులో బిడ్డ తన్నిందట. చివరికి, "నానమ్మ చెయ్యి ఇరిగింది. ఇగ నువ్వన్న గట్టిగ ఉన్నవ్ కద, నువ్వు రా" అన్నది. వచ్చాను.

బిడ్డ పుట్టిందని శ్రీనాథ్ చెప్పే ఉంటాడు. ముక్కు నీదే. రాయడం నాకు ఇష్టం లేదు, కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకంటే, వదినా, నేను ఇక్కడ రోజుకో సాకు చెబుతున్నాను. బిడ్డకు కాళ్ల మీద నీళ్లు ఎప్పుడు పోస్తావని వర్ష అడుగుతుంది. బొడ్డు ఊడనీ అన్నాను. ఊడింది. ముసురు పట్టింది, చలి అన్నాను. ఎండ వచ్చింది. అమావాస్య పోనీ అన్నాను. వంశీధర్ తన వాచీ చూసి, "అమావాస్య ఆదివారమే అమ్మమ్మా, సోమవారం పొయ్యొచ్చు" అన్నాడు. అవసరం లేని సంగతులన్నీ ఈ వాచీలకు తెలుసు. అంతవరకు తల్లే గుడ్డ తడిపి బిడ్డ ఒళ్లు తుడుస్తోంది.

నిజం మొదట నీకే రాస్తున్నాను. నా కుడి మోకాలు పోయిన చలికాలం నుంచి సరిగా వంగదు, సరిగా సాగదు. పీట మీద కూర్చోలేను. కూర్చున్నా, ఒళ్లో పసిగుడ్డుతో లేవలేను. రాట్నాన్ని బల్ల ఎక్కించుకున్నది రాణివాసానికి కాదు. నేల మీద కూర్చోలేక. పది నుంచి ఒంటిగంట దాకా కదలకపోవడం అంకెల కోసం కాదు. వీధి చివరి దాకా నడవలేక. వాచీ దాన్నే నడక అనుకున్నప్పుడు, వద్దని చెప్పకుండా ఊరుకున్నాను. పుస్తకంలో తీసివేస్తే సరిపోతుందనుకున్నాను. దొంగతనం చేసి దేవుడికి చెప్పుకున్నట్టుందని నువ్వు రాసింది నిజం.

సోమవారం వర్షకు ఈ మాట చెప్పాలి. చెప్పిన వెంటనే జీతానికి మనిషిని వెతుకుతారు. అందుకని అంతకుముందే ఒక లెక్క వేశాను. చూడు, సరిపోతుందేమో.

నీ కుడిచేయి కట్టులో ఉంది. కాళ్లు రెండూ గట్టివి. నా మోకాలు పనికిరాదు. చేతులు రెండూ గట్టివి. పీట మీద నువ్వు కూర్చుని కాళ్లు చాపు. వర్ష బిడ్డను తెచ్చి నీ కాళ్ల మీద పడుకోబెడుతుంది. నేను పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని నూనె రాస్తాను, సున్నిపిండి రుద్దుతాను, నీళ్లు పోస్తాను. కాళ్లు నీవి, చేతులు నావి. తీసివేతలు లేవు.

చోటు లేదనకు. వంటగదిలో బియ్యం డబ్బా, నీళ్ల బిందెలు గోడవారకు జరిపితే ఒక చాప పడుతుంది. కొలిచాను.

వాచీని నేను పూర్తిగా తిట్టను. పాలు పట్టే వేళ, నా గోలీ వేళ తప్పకుండా చెబుతుంది. నిన్న మధ్యాహ్నం చాలాసేపు ఊయల తాడు లాగుతూ కూర్చున్నాను. బిడ్డ నిద్రపోయేసరికి వాచీ బుర్రుమని, ఇవాళ్టి నడక పూర్తయిందని మెచ్చుకుంది. తీసివేద్దామని పుస్తకం తెరిచాను. మూసేశాను.

సోమవారం లోపల రా.

నీ వదిన,
జోగులమ్మ

*

ఖిల్లా ఘణపూర్,
సెప్టెంబరు 20.

వదినా,

ఎడమచేత్తో రాస్తున్నా. ఎర్రసిరా కలం దూరంగా పెట్టి చదువు. తపాలాలో వేస్తే సోమవారానికి అందదని, నాగర్‌కర్నూల్ వచ్చే మా ఊరి ఆటో అతని చేతికి ఇచ్చి పంపుతున్నా. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. తెలియని పెట్టెలో మాట వేయనని నేర్పింది నువ్వే.

ముందు ఒక సంగతి సరిచేయాలి. ఆ రోజు నిన్ను 'గౌరవనీయులైన' అని రాసింది నీ మీద గౌరవం పుట్టి కాదు, కష్టం దాచుకోలేకా కాదు. ఎడమచేత్తో తిట్లు రాయడం చాలా కష్టం, చేయి తిరగదు. గౌరవం అయితే రెండు వాక్యాల్లో అయిపోతుంది. నువ్వు దానికి బెదిరి బస్సెక్కావు. పోనీలే, ఎక్కడం మంచిదే అయింది. నాటు కట్టుతోనే ఉంటే చేయి వంకరపోయేదని డాక్టరమ్మ అన్నది. ఈ మాట ఒక్కసారే రాస్తున్నా. మళ్లీ అడగకు.

మోకాలి సంగతి నాకు తెలియదనుకున్నావా? రాట్నం బల్ల ఎక్కిందని ఈరన్న చెప్పిన రోజే నాకు అనుమానం. నేల మీద కూర్చున్నవాళ్లను చూసి మెచ్చుకుని, కుర్చీలో కూర్చున్నవాళ్లను చూసి మొహం చిట్లించే మనిషివి నువ్వు. ఊరికే కుర్చీ ఎక్కుతావా? ఆ మర్నాటి నుంచి హన్మంతుకు చెప్పి మేకను ఇంకో గంట ముందుగా తోలించాను. నువ్వు గెలిస్తే పీట మీద కూర్చోవలసి వస్తుందని. నమ్మకపోతే మేకను అడుగు.

నీ లెక్క చూశాను. ఒక తప్పు ఉంది. కాళ్లు నావి, చేతులు నీవి, మరి నోరు ఎవరిది? నీళ్లు పోసేటప్పుడు పాట పాడాలి కదా. నువ్వు పాడితే బిడ్డ ఎక్కాలు అనుకుంటుంది. నోరు కూడా నాదే. నువ్వు చెంబు వంచు, చాలు. నీళ్లు వేడి ఎక్కువైతే ముందు నా కాళ్లే కాలతాయి, కాబట్టి మోచేయి పెట్టి చూసి పొయ్యి.

ఇంట్లో ఆడించిన నువ్వుల నూనె సీసా, జొన్నపిండి తెస్తున్నా. రొట్టెలు నువ్వు కొట్టు. నీ చేతికి వాచీ ఉంది కదా, ఎన్నిసార్లు పడతావో నేను లెక్కపెడతా.

రేపు పొద్దున్న బస్సుకు బయలుదేరుతున్నా. బస్టాండుకు వంశీధర్‌ను పంపు, నా సంచి మోయాలి. బస్సు ఎక్కడిదాకా వచ్చిందోనని వర్ష తన ఫోన్ చూస్తే మాత్రం, నేను ఖిల్లా గుట్ట మీద తుమ్మకాయలు మేస్తూ కనిపిస్తా. నమ్మొద్దని చెప్పు.

పీట కడిగి ఉంచు.

నీ వదిన,
విజయమ్మ